కదలని పిల్ల

ఫెల్‌బెర్గ్ నుంచి ఉత్తరం వచ్చిందంటే హైన్‌స్టట్ కోటలో కాఫీ చల్లారిపోవాల్సిందే. రాణి అగాథె చదివేటప్పుడు ఎవరూ కప్పు ఎత్తకూడదు, చెంచా చప్పుడు కాకూడదు. ఆ ఉదయం ఊల్రికె అత్త రొట్టెకి వెన్న రాస్తూ రాస్తూ చాకుని గాల్లోనే ఆపేసింది. థెక్లా ఒక్కతే బల్ల కింద కాళ్ళూపుతూ ఉంది. పద్దెనిమిదేళ్ళొచ్చినా ఆ పిల్లకి కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. రాజుగారు వేటకి వెళ్ళారు. ఇంట్లో పెళ్ళిమాటలు మొదలైతే ఆయనకి అడవిలో ఎప్పుడూ ఏదో ఒక దుప్పి కనిపిస్తుంది.

మా చిన్న సంస్థానాల వాళ్ళ ఉత్తరాల్లో పెళ్ళి అనే మాట ఉండదు. మోకాళ్ళ నొప్పులుంటాయి, వానలుంటాయి, ఎవరికి ఏ ఊరి నీళ్ళు పడ్డాయో ఉంటుంది. "మీ ఊరి గాలి మావాడికి పడుతుందంటున్నారు" అని రాస్తే పిల్లని చూడ్డానికి వస్తున్నామని అర్థం. "ఈ ఏడు ఎండలు ఎక్కువ, ప్రయాణం పెట్టుకోలేం" అని రాస్తే సంబంధం తప్పిపోయిందని అర్థం. ఊల్రికె అత్త రాజుగారి చెల్లెలు. ఆవిడ పెళ్ళి ఇలాగే రెండు మూడుసార్లు ఎండలకి ఎండిపోయింది. అందుకే ఈ ఉత్తరాలు విప్పి చెప్పడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

"ఆపావేం వదినా? చదువు."

తల్లి గొంతు సవరించుకుంది. రాసింది ఫెల్‌బెర్గ్ పెద్ద రాణి క్లెమెంటీనె. తల్లి లేని మనవడు కునోని పెంచింది ఆవిడే.

"మీరు పంపిన ఫోటో అందింది. కునో దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు. ఇంత నెమ్మదైన ముఖాన్ని ఎక్కడా చూడలేదంటున్నాడు. నా మోకాళ్ళకి మీ ఊరి ఊటనీళ్ళు మంచివని వైద్యుడు పట్టుబడుతున్నాడు. శనివారం నేనూ, మావాడూ అటు వస్తాం."

"ఇంకేం, అయిపోయినట్టే!" అత్త చాకు కింద పెట్టి చేతులు చరిచింది. "రాతబల్ల మీద పెట్టుకున్నాడంటే నిశ్చయమే. ముసలిది ఊరికే కాగితం ఖరాబు చేసే మనిషి కాదు."

"ఏ ఫోటో?" అంది థెక్లా.

తల్లి ఉత్తరాన్ని మడతల వెంబడే మళ్ళీ మడుస్తోంది.

"నావన్నీ చెడిపోయాయిగా. ఏ ఫోటో పంపావమ్మా?"

నిజమే, థెక్లా ఫోటోలు చూసి పనివాళ్ళు కూడా నవ్వుకునేవారు. కోట ఫోటోగ్రాఫరు బ్రూనింగ్ తల కదలకుండా మెడ వెనక ఇనపకొక్కెం పెట్టి, "ఊపిరి తీయకండి రాకుమారిగారూ" అని బతిమాలుకున్నా అతను కెమెరా మూత తీసి మూసేలోగా ఆమె కదిలిపోయేది. ఒక ఫోటోలో రెండు ముక్కులు వచ్చాయి. ఇంకొకదానిలో మెడపట్టీ స్పష్టంగా వచ్చి, దానిపైన ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక మిగిలింది.

"బాగా పడింది ఒక్కటే ఉంది. అదే పంపాను" అంది తల్లి.

బల్ల కింద థెక్లా కాళ్ళు ఆగిపోయాయి.

ఆ ఇంట్లో బాగా పడిన ఫోటో నిజంగా ఒక్కటే. ఆకులు రాలే రోజుల్లో గొంతువాపుతో అక్క హెడ్డా పోయింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమెకి బూడిదరంగు పట్టుగౌను తొడిగి, దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో ప్రార్థన పుస్తకం పెట్టి తీయించిన ఫోటో అది. అందులో ప్రతి వెంట్రుకా కనిపిస్తుంది. కనురెప్పల మీద బ్రూనింగ్ తర్వాత కళ్ళు గీశాడు.

"అది హెడ్డా కదమ్మా."

తల్లి ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పట్నుంచీ ఆవిడ ఆ పేరు పలకలేదు, ఒక్క కన్నీటిబొట్టూ రాల్చలేదు. పెద్దదాని పేరుతోపాటు చిన్నదాని పేరూ ఆవిడ నోట్లోంచి పోయింది. థెక్లాని "అమ్మాయ్" అని పిలుస్తుంది, లేకపోతే చూపుతోనే పిలుస్తుంది.

"వాళ్ళు మీలో ఎవర్నీ చూడలేదు. ఒక్క నెలలోపల ఫోటో పంపమన్నారు. నీవి ఏం పంపమంటావు, ఆ రెండు ముక్కులదా?"

"పోయాక తీసిన ఫోటో చూసి ఎవరైనా పిల్లని..."

"ష్! పనివాళ్ళున్నారే" అని అత్త తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "నీదీ దానిదీ ఒకటే అచ్చు. పెళ్ళయ్యాక ఫోటోలు ఎవడు చూస్తాడే పిచ్చిమొహమా? నీ ముఖం నువ్వు తీసుకెళ్తావు, అతను అదే చూసుకుంటాడు."

"అతను చూసుకుంటోంది నా ముఖం కాదుగా!"

"కాకపోతే అవుతుంది. శనివారం దాకా టైముంది" అని తల్లి లేచింది.

ఆ రోజే బూడిదరంగు గౌను బయటికి వచ్చింది. హెడ్డాకి అలాంటివి రెండు కుట్టించారు. ఒకటి ఆమెతోపాటు సమాధిగదిలోకి వెళ్ళింది, రెండోది పెట్టెలో కర్పూరం ఉండల మధ్య ఉండిపోయింది. దాసి బాబెట్ దాన్ని చేతుల మీద మోసుకొచ్చి మంచం మీద పరిచి, తల దువ్వడానికి మాత్రం రానంది. "నా చేతులు వణుకుతున్నాయి రాణీగారూ, పాపిడి వంకరపోతుంది" అని పైకి చెప్పింది. మెట్ల దగ్గర థెక్లాతో అసలు మాట చెప్పింది. "ఆవేళ దువ్వింది నేనే పాపా. మళ్ళీ అదే పాపిడి తీయమంటే నావల్ల కాదు."

తల్లే దువ్వింది. నడినెత్తిన పాపిడి తీసి, చెవుల మీదుగా జుట్టు నున్నగా దించి, వెనక చుట్ట పెట్టింది. ఆ వేళ్ళలో తొందర లేదు. చిన్నప్పుడు కూడా ఇంత ప్రేమగా దువ్వించుకున్న గుర్తు థెక్లాకి లేదు. ఇష్టంగా ఉంది. అంత ఇష్టంగా ఉన్నందుకే భయం వేసింది.

"గడ్డం కొంచెం దించు. ఎడమ భుజం ఇంకాస్త. ఆ... అలాగే."

అదే కుర్చీ. ఒళ్ళో పుస్తకం పెట్టి, ఎడమచేతి వేళ్ళ చుట్టూ తెల్ల రిబ్బను రెండు చుట్లు తిప్పి ముడివేసింది తల్లి. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. గదిలో గోడగడియారం తప్ప చప్పుడు లేదు. థెక్లాకి ముక్కు దురద పెట్టింది, ఓర్చుకుంది. కాలు తిమ్మిరెక్కింది, ఓర్చుకుంది. తల్లి చూస్తూనే ఉంది. ఆ చూపులో మెత్తదనం చూసి ఎన్ని నెలలైందో. ఆ చూపు కోసమైనా ఇంకాసేపు ఇలాగే ఉండొచ్చనిపించింది.

అప్పుడు తలుపు సందులోంచి వాల్డి లోపలికి వచ్చింది.

వాల్డి హెడ్డా కుక్క. పొట్టికాళ్ళది, ముసలిది. హెడ్డా పోయినప్పట్నుంచి ఆమె గది గుమ్మం ముందే పడి ఉండేది, ఎవరు పిలిచినా వచ్చేది కాదు. ఇప్పుడు గోళ్ళు టకటకమనిపించుకుంటూ నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చి, గౌను అంచు వాసన చూసి, థెక్లా పాదాల మీద పడుకుని గట్టిగా నిట్టూర్చింది.

"వాల్డీ!" అని థెక్లా వంగింది.

కుక్క చప్పున లేచింది. ఆమె ముఖం చూసి పళ్ళు బయటపెట్టి గుర్రుమంటూ వెనక్కి వెనక్కి నడిచి బయటికి పోయింది.

"కదిలావు" అంది తల్లి. ఆవిడ ముఖం మళ్ళీ మామూలుగా అయిపోయింది. "రేపు మళ్ళీ చేద్దాం."

ఫోటో ఫెల్‌బెర్గ్‌లో ఉండిపోయింది కాబట్టి సరిచూసుకోవడానికి ఇంకో కాపీ కావాల్సి వచ్చింది. థెక్లాని వెంటబెట్టుకుని అత్త బ్రూనింగ్ దుకాణానికి వెళ్ళింది. కింద కబుర్లాడే మనిషి దొరకడంతో అత్త అక్కడే ఆగిపోయింది, కాబట్టి అద్దాల కప్పు ఉన్న మేడగదిలోకి థెక్లా ఒక్కతే వెళ్ళింది.

బ్రూనింగ్ అప్పుడే ఆరిన కాపీని అట్టకి అంటిస్తున్నాడు. ఇంకా కళ్ళు గీయలేదు. హెడ్డా రెప్పలు మూసుకుని ఉంది, నోరు రవ్వంత తెరుచుకుని ఉంది. థెక్లా దాన్ని చూసి గోడ పట్టుకుంది. ఈ ముఖం ఆమెకి తెలుసు. కళ్ళు గీసిన ముఖమే ఎప్పుడూ ఎవరిదోలా ఉండేది.

"కూర్చోండి రాకుమారిగారూ, క్షణంలో అవుతుంది" అని అతను సన్నటి కుంచె తీసి కొసని పెదాల మధ్య తడిపాడు. "నేనిన్నేళ్ళుగా ఎందరినో తీశాను గానీ, మీ అక్కగారిలా కూర్చున్నవాళ్ళు..." అని తన మాట తనకే వినిపించి నాలిక కరుచుకున్నాడు. "క్షమించండి. దౌర్భాగ్యపు నోరు."

"ఆ రిబ్బను ఎందుకు?"

"ఏ రిబ్బను?"

"చేతికి కట్టింది. అందానికా?"

అతను కుంచె కడుగుతున్నట్టు నటించాడు. "వేళ్ళు నిలవవు కదండీ. పుస్తకం జారిపోతుంది."

థెక్లా తన ఎడమచేయి చూసుకుంది. ముడి వేసిన చోట సన్నటి ఎర్రగీత ఇంకా ఉంది.

"ఇటు వెలుతురులోకి చూస్తారా? కాస్త ఇటు... చాలు." అతను ఆమె కళ్ళలోకి చూసి, కాగితం మీదికి వంగి చిన్న గీత గీసి, మళ్ళీ ఆమెని చూశాడు.

"నన్నెందుకు చూస్తున్నారు?"

"అప్పుడూ మిమ్మల్ని చూసే గీశానండీ. అక్కగారి కళ్ళు ఎలా ఉండేవో నేను చూడలేదు. మీరు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. అవే గీశాను."

చచ్చిపోయిన అక్క ముఖంలోంచి తన కళ్ళు ఒకటి తర్వాత ఒకటి తెరుచుకోవడం చూస్తూ థెక్లా నిలబడింది. ఇన్నాళ్ళూ ఫెల్‌బెర్గ్‌లో ఒక రాతబల్ల మీద నుంచి తనే ఆ మనిషిని చూస్తోందన్నమాట.

"రంగు నీళ్ళది. తడి తగలనివ్వకండి, రేగిపోతుంది" అని బ్రూనింగ్ ఫోటోని పల్చటి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

శుక్రవారానికల్లా థెక్లాకి కూర్చోవడం వచ్చేసింది. ముక్కు దురద పెట్టడం మానేసింది. గడియారం చప్పుడు వినిపించేది, తర్వాత అదీ వినిపించేది కాదు. వాల్డి వచ్చి పాదాల మీద పడుకుంటే దాని వెచ్చదనం ఎక్కడో దూరంగా తెలిసేది. తల్లి ఎదురుగా బట్ట కుట్టుకుంటూ, మధ్యమధ్య తలెత్తి చూసి తృప్తిగా మళ్ళీ సూదిలోకి చూపు దించేది. ఒకసారి చిన్నగా పాట కూడా తీసింది.

భోజనాల దగ్గర అత్త అదోలా చూసింది. "కాళ్ళూపడం మానేశావేమే?"

థెక్లా బల్ల కిందికి చూసుకుంది. నిజంగానే కాళ్ళు పక్కపక్కన ఆనించి ఉన్నాయి. ఎప్పుడు అలా పెట్టుకుందో ఆమెకి తెలియదు. ఊపుదామనుకుంది, బుద్ధి పుట్టలేదు. ఫెల్‌బెర్గ్ వెళ్తే ఇక జీవితమంతా ఇలాగే ఉండాలి. అక్కడ అందరూ హెడ్డాని చూస్తారు, తను రెప్పల కింద ఎక్కడో ఉంటుంది. ఆ ఆలోచనకి ఏడుపు రావాలి, రాలేదు. అదే ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా, నేను వెళ్ళనమ్మా. నాకు భయంగా ఉంది" అంది.

తల్లి సూప్ గిన్నెలోంచి తలెత్తలేదు. "రేపు బాదం కేకు చేయమని చెప్పాను. పెద్దావిడకి ఇష్టమట."

శనివారం వాళ్ళు వచ్చేసరికి వాన మొదలైంది. క్లెమెంటీనె చిన్నగా, గువ్వపిట్టంత ఉంది. నల్లబట్టలు, చేతికర్ర, తేటైన కళ్ళు. మా సంస్థానాల్లో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు కాబట్టి తల్లి ఆవిడని పిన్నీ అని పిలిచింది. కునో పొడుగ్గా, భుజాలు వంచుకుని ఉన్నాడు. థెక్లా చేయి అందుకున్నప్పుడు అతని వేళ్ళు చల్లగా తగిలాయి. చెడ్డవాడిలా లేడు. చప్పుళ్ళంటే భయపడే మనిషిలా ఉన్నాడు.

కాఫీ పోశారు. అత్త వానల గురించి ఎత్తుకుంది. కునో థెక్లాని ఒకసారి చూసి, కోటు జేబులోంచి ఫోటో తీసి దాన్ని చూసి, మళ్ళీ ఆమెని చూశాడు.

"చూశావా అగాథె, జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు" అంది నాయనమ్మ. "గంటగంటకీ తీసి చూస్తాడు. నా కళ్ళజోడూ వీడి జేబులోనే ఉంటుంది గానీ, నేను ఆ ఫోటో సరిగా చూడనేలేదు. మనిషినే చూద్దాం అని వచ్చా."

"అచ్చం మీరే" అన్నాడు కునో థెక్లాతో, సిగ్గుపడుతూ. "కాకపోతే... ఏమీ అనుకోకండి, ఫోటోలో ఇంకాస్త నెమ్మదిగా ఉన్నారు. మా ఇంట్లో ఎప్పుడూ తలుపులు దడదడలాడుతూ ఉంటాయి. సాయంత్రాలు నేను దీంతో మాట్లాడుకుంటాను. జవాబు చెప్పకపోయినా విన్నట్టే ఉంటుంది. ఒక్కసారి అలాగే కూర్చుంటారా?"

"ఎందుకు కూర్చోదు!" అంది తల్లి. కిటికీ పక్కన కుర్చీ సిద్ధంగానే ఉంది, పుస్తకం, రిబ్బను కూడా.

థెక్లా వెళ్ళి కూర్చుంది. తల్లి వంగి రిబ్బను కడుతుంటే ఆవిడ నల్ల కాలరు మీద తెల్లవెంట్రుక ఒకటి కనిపించింది. తీసేద్దామనిపించింది గానీ చేయి కట్టేసి ఉంది. వాల్డి వచ్చి పాదాల మీద పడుకుంది. థెక్లా గడ్డం దించింది, ఎడమ భుజం దించింది.

"అవును, ఇదే!" అన్నాడు కునో మెల్లగా.

కాదు అనుకుంది థెక్లా. ఇది కాదు. ఇందులో ఒకటి తక్కువ.

ఆమె కళ్ళు మూసుకుంది. బ్రూనింగ్ గదిలో చూసినట్టే, ఆరోజు మంచం మీద అక్కని చూసినట్టే దవడ కొంచెం వదిలేసింది. పెదాలు రవ్వంత విడిపోయాయి. ఊపిరి పైపైనే ఆపుకుంది.

మొదట అత్త మాట ఆగింది. తర్వాత కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు. చేతికర్ర నేలమీద ఆనుతూ దగ్గరికి వచ్చింది.

"ఆ ఫోటో ఇలా ఇయ్యి. కళ్ళజోడు కూడా ఇయ్యి" అంది క్లెమెంటీనె గొంతు.

వాన మాత్రం వినిపిస్తోంది. ముసలివేళ్ళు వచ్చి థెక్లా చేతి రిబ్బనుని తాకాయి, ముడిని తడిమాయి, తర్వాత చెంప మీద ఆగాయి. వెచ్చగా ఉందో లేదో చూస్తున్నట్టు చాలాసేపు ఆగాయి.

"అగాథె, ఈ పిల్లకి కళ్ళు ఎవరు గీశారు?"

తల్లి గౌను సరసరలాడుతూ ఒక అడుగు వెనక్కి జరిగింది.

"మావాళ్ళు నా కూతురికీ గీయించారు. రిబ్బను కూడా ఇలాగే. వీళ్ళు నీకు చెప్పలేదురా కునో, నీ బల్ల మీద ఉన్నది ఎవరో." ఆవిడ గొంతులో కోపం లేదు, బాగా అలిసిపోయినట్టు ఉంది. "నువ్వు మాట్లాడుకుంటోంది పోయిన పిల్లతో. లే. బండి కట్టించు."

"నాయనమ్మా, నేను..."

"లే నాన్నా."

బూట్ల చప్పుడు తడబడుతూ గుమ్మం దాటింది.

"పిన్నీ, మీకు చెబుదామనే..." అంది తల్లి. "ఒకటే అచ్చు కదా అని..."

"నేను తప్పు పట్టడానికి చెప్పడంలేదమ్మా. ముందు ఆ పెద్దదాన్ని మట్టి చేసుకో. ఆ తర్వాత ఈ పిల్ల మాట నాకు రాయి."

"మట్టి చేసి ఆరు నెలలైంది పిన్నీ."

"లేదు తల్లీ. చెయ్యలేదు."

ఫోటో బల్ల మీద పెట్టిన చప్పుడు, కర్ర చప్పుడు, మెట్ల మీద అత్త ఏదో సర్దిచెబుతూ వెళ్ళిన చప్పుడు. వాకిట్లో బండి కదిలింది.

"కళ్ళు తెరువు. వెళ్ళిపోయారు" అంది తల్లి.

తెరుద్దామనుకుంది థెక్లా. రెప్పలు రాలేదు. ఆట కాదు, నిజంగానే రాలేదు. లోపల చీకటి మెత్తగా ఉంది, పాదాల మీద కుక్క బరువుగా ఉంది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఊపిరి తీయాలని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

"అమ్మాయ్, చాలు. నన్ను భయపెట్టకు."

తల్లి దగ్గరికి వచ్చింది. రిబ్బను ముడి విప్పబోయింది. వేళ్ళు జారుతున్నాయి, ముడి ఇంకా బిగుసుకుపోతోంది. పంటితో పట్టి లాగింది. పుస్తకం జారి నేలమీద పడింది. ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని నలిపింది.

"థెక్లా! థెక్లా, లేవే! ఒసేయ్ థెక్లా!"

ఆ పేరు ఎక్కడో కిందినుంచి వినిపించింది. తన పేరే. థెక్లా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు తెరిచింది. వాల్డి గుర్రుమంటూ లేచిపోయింది.

తల్లి ఆమెని గట్టిగా ఒకసారి కుదిపి, వదిలేసి, బల్ల దగ్గరికి నడిచింది. ఫోటోని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. బొటనవేలిని నాలిక మీద అద్దుకుని, చిన్నపిల్ల ముఖం మీద మరక తుడిచినట్టు కుడికన్ను మీద మెల్లగా రాసింది. రంగు రేగి పక్కకి పోయింది. ఎడమకన్ను కూడా తుడిచింది. కింద మూసిన రెప్పలు బయటపడ్డాయి.

"హెడ్డా" అంది. "నిద్రపోతోందే, చూడు. నా తల్లి నిద్రపోతోంది."

ఫోటోని గుండెలకి అదుముకుని ఆవిడ నేలమీద కూలబడింది. ఆకులు రాలే రోజుల్లో రావాల్సిన ఏడుపు అప్పుడు వచ్చింది, ఎలుగెత్తి, రాణి అన్న మాట మరిచిపోయి. మెట్ల మీదినుంచి అత్త పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

థెక్లా కుర్చీలోంచి దిగి వెళ్ళి తల్లి పక్కన చతికిలబడింది. కాళ్ళలోకి తిమ్మిరి సూదుల్లా పాకింది. ఓర్చుకోలేక రెండు కాళ్ళూ ముందుకి చాచి మడమలతో నేలమీద టపటపా కొట్టుకుంది, ఏడుస్తూనే, ఆపకుండా. ఎవరూ ఆమెని కదలొద్దనలేదు.